మేకకు ఆకు అందని రోజులు

కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. ఇంటికి చుట్టాలు వస్తే మంచినీళ్ళ చెంబు గడప దగ్గర పెట్టి లోపలికి పోయే మనిషిని. పుస్తకాల్లో చదివిన మాటలు, నాలో అనుకున్న మాటలు అన్నీ డైరీలోకే పోయేవి. అటువంటి నేను ఒక ఏడాదికి పైగా పొద్దున్నుంచి పొద్దుమూకే దాకా మాట్లాడుతూనే ఉన్నాను. మా అక్క కూతురు మా ఇంట్లో ఉన్న కాలం అది.

అప్పటికి నా ఇంటర్ అయిపోయింది. పై చదువుకు మా ఊరు ఖేడ్ దాటి పోవాలి. నాయిన ఆ మాట ఎత్తలేదు, నేను అడగలేదు. అక్కను ఇచ్చింది నాగల్‌గిద్ద దాటి, కర్ణాటక సరిహద్దుకు అవతల ఉన్న ఒక ఊరికి. అక్కడ ఇంట్లో తెలుగు, వాకిట్లో కన్నడం. అక్కకు రెండో కాన్పులో కవలలు పుట్టారు. ఇద్దరూ బక్కపిల్లలు, ఒకడు తాగితే ఒకడు తాగడు, వారం వారం దవాఖాన. అప్పుడు అమ్మ పోయి పెద్దపిల్లను మా ఇంటికి తీసుకొచ్చింది.

వచ్చినరోజు పాప ఎవరి దగ్గరికీ రాలేదు. జొన్నల గుమ్మి వెనక, గోడకూ దానికీ మధ్య ఉన్న సందులో దూరి కూర్చుంది. చేతిలో అక్క పాత చీర ముక్క. తలనిండా ఒత్తుగా రింగుల జుట్టు, ఆ చీకట్లో ముఖం కంటే జుట్టే ఎక్కువ కనబడుతోంది. అమ్మ బెల్లం చూపించింది. నాయిన దగ్గుతూ పిలిచాడు. దేనికైనా ఒకటే మాట, "బేడ." కన్నడంలో వద్దని.

నేను ఏమీ పిలవలేదు. చుట్టాలు వచ్చినప్పుడు నేను దాక్కునే చోటు అదే కాబట్టి, అక్కడ కూర్చున్నవాళ్ళకు పిలుపులు ఎట్లా వినబడతాయో నాకు తెలుసు. గుమ్మికి ఇవతల బండల మీద కూర్చుని, చేటలోంచి కందులు తీసి ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చడం మొదలుపెట్టాను. ఎర్రది, తెల్లది, ఎర్రది, తెల్లది. వరస గుమ్మి వెనక్కి పోయేదాకా పేర్చి, చివర కావాలని రెండు ఎర్రవి పక్కపక్కన పెట్టాను. కాసేపటికి సందులోంచి చిన్న చెయ్యి వచ్చింది. ఒక ఎర్ర గింజను తీసేసి, వెతికి తెల్లది పెట్టింది.

మా చదువు అట్లా మొదలైంది. అది చదువని అప్పుడు నాకూ తెలియదు.

గ్రంథాలయంలో వారపత్రికల వెనక పేజీల్లో పిల్లల ఆటలు వచ్చేవి. వాటికి రంగు కాగితాలు, జిగురు, కత్తెర కావాలి. మా ఇంట్లో ఉన్నవి కందులు, జొన్నలు, సుద్దముక్క, బూడిద, సొప్ప. వాటితోనే ఏదో ఒకటి చేసేదాన్ని. బండల మీద సుద్దతో పెద్ద "అ" గీస్తే, పాప దాని మీద కందులు పేర్చేది. నడుస్తూ, వంగుతూ, మళ్ళీ లేస్తూ పేర్చడంతో అక్షరం ఆమెకు చేతికంటే ముందు కాళ్ళకు వచ్చింది. "ఈడ మల్పు ఉంది చిన్నమ్మా" అనేది, ఏదో పొలం గట్టు గురించి చెప్పినట్టు. పని అయిపోయాక కందులన్నీ చేటలోకి ఎత్తాలి. ఒక్కటి తగ్గినా అమ్మ ఊరుకునేది కాదు. "మీ అచ్చరాలు రేపు పప్పుల ఉడుకుతయి, మంచిగ ఎత్తుండ్రి" అనేది.

జొన్న కోతలయ్యాక పశువులకు సొప్ప కట్టలు వస్తాయి. ఎండిన సొప్ప పై చెక్కు ఒలిస్తే లోపల తెల్లటి బెండు, దూది కంటే గట్టి, చెక్క కంటే మెత్తన. బెండు ముక్కల్లో చెక్కు పుల్లలు గుచ్చి మా చిన్నప్పుడు బండ్లు చేసుకునేవాళ్ళం. నేను పాపకు ఎడ్లబండి చేసిచ్చాను, బస్సు చేశాను, చివరికి కండ్లద్దాలు చేశాను. ఆ కండ్లద్దాలు పెట్టుకుని పాప నా పక్కన కూర్చుని, నేను చదివే పుస్తకాన్ని తానూ చదివేది. నేను పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"ఆగు. నాదింక కాలే."

ఇంకో ఆట వినే ఆట. సాయంత్రం గడప మీద కూర్చుని ఇద్దరం కళ్ళు మూసుకునేవాళ్ళం. ఏ చప్పుడు ఎవరిదో చెప్పాలి. డిపోకు తిరిగొచ్చే బస్సు, పక్కింటి మేక, బిందె దించిన చప్పుడు, నాయిన చెప్పులు. అన్నిటికంటే కష్టమైనది రొట్టెల చప్పుడు. ఆ వేళకు మా వీధిలో అన్ని ఇళ్ళల్లోనూ జొన్నరొట్టెలు తడతారు. ఒక్కొక్కరి చేతిది ఒక్కో తీరు. పక్కింటి పెద్దమ్మది నెమ్మది, గాజులతో కలిసిన చప్పుడు. మా అమ్మది జల్దీ జల్దీ. అన్ని రొట్టెలూ అయ్యాక, మిగిలిన ముద్దతో అమ్మ పాప కోసం అరచేతంత చిన్న రొట్టె ఒకటి తట్టేది. దాని చప్పుడు వేరే. వేళ్ళతో మాత్రమే, సన్నగా, వాన మొదలైనట్టు.

"ఇది నాది" అనేది పాప, కళ్ళు మూసుకునే.

లెక్కలు మాత్రం నేను నేర్పకముందే నాయిన నేర్పేశాడు. అది ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. నాయిన జొన్నలు కొలిచేటప్పుడు పాప ఎదురుగా కూర్చునేది. మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. శుభమని. పాప కొలతను చూసి లెక్క నేర్చుకుంది. "లాభం, రెండు, మూడు, నాలుగు." మెట్లు ఎక్కినా అంతే, ముద్దలు తిన్నా అంతే.

"లాభం కాదురా, ఒకటి" అన్నాను నేను.

"తాత లాభమంటుండు."

"తాత జొన్నలు కొలుస్తుండు. నువ్వు మెట్లెక్కుతున్నవు."

పాప నాయిన వైపు తిరిగింది. "తాతా, ఏదనాలె?"

నాయిన మానిక మీద అరచెయ్యి వేసి అంచుకు సమం చేస్తూ, "మొదాల్నే ఒకటంటే ఒకటిదగ్గర్నే ఆగుతది బిడ్డా. లాభమనాలె" అన్నాడు. నాతో, "నీ పుస్తకంల ఒకటుంటే ఉండనీ. గీ పిల్లను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. నాయిన ముందు కూడా నాకు అంతకంటే ఎక్కువ మాట రాదు.

ఇక మేక ఆట. అది నేనే కట్టింది. పాపకు స్నానం చేయించేటప్పుడు ముక్కు, చెవి, మెడ పేర్లు చెప్పించేదాన్ని. తల రుద్దనియ్యదు, కళ్ళల్లో కుంకుడు రసం పడుతుందని ఏడుపు. ఏడుపు మాన్పించడానికి ఒకరోజు ఆమె కుడిచేతిని పట్టుకుని, "ఇది మేక. తల గుట్ట. గుట్టకు అవతల ఒక ఆకు ఉంది, ఎడమ చెవి ఆకు. మేకకు ఆకలైతుంది" అన్నాను. చేతివేళ్ళు నాలుగు కాళ్ళయి కుడి చెవి పక్క నుంచి బయలుదేరాయి. తడి జుట్టులో జారుతూ, పట్టుకుంటూ, పైకి ఎక్కాయి. అవతలికి దిగడం మొదలుపెట్టి, చెవి ఇంకా బెత్తెడు ఉండగానే ఆగిపోయాయి.

"అందిందా మేకకు?"

"అందలే." కాసేపు ఆలోచించి, "రేపు" అంది.

అందితే నా చేత్తో చిటికెడు బెల్లం పెట్టాలని ఒప్పందం. అందకపోయినా పెట్టేదాన్ని, అది వేరే సంగతి.

కొన్ని నెలలకు బావ చూడటానికి వచ్చాడు. నేను తలుపు వెనకకు పోయాను. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాడు.

"మీ చిన్నమ్మ ఏం నేర్పుతుంది నీకు?"

"ఆడుకుంటున్నం."

"ఆటలేనా? సదువేం లేదా?"

అమ్మ అందుకుంది. "దాని ఆటల్నే సదువుంటది. మాతోని మాట్లాడదు గని, పిల్లతోని దినమంత ముచ్చటే."

"లెక్కలొచ్చా మరి?"

"లాభం, రెండు, మూడు" అని పాప అందుకోగానే బావ విరగబడి నవ్వాడు. "ఇగ బడి ఎందుకు మామా, గంజ్‌ల గింజల దుకాణం వెట్టిస్తే సరిపాయె." నాయిన కూడా నవ్వాడు. తర్వాత బావ అసలు మాట చెప్పాడు. కవలలు ఇప్పుడు నయం. అక్క పెద్దదాని మీద బెంగ పెట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో బడి ఉంది. "మా సారు చెవి అందనిదే పేరు రాసుకోనంటుండు. జూన్ల బడి తెరుస్తరు. అప్పటికి అందితే తోల్కపోత. అందకుంటే ఇంకో ఏడాది ఈడనే ఉండనీయుండ్రి."

పుట్టిన తేదీలు మా వైపు ఎవరూ రాసుకోరు. కంది కోతలప్పుడు పుట్టింది, కరువొచ్చిన ఏడు పుట్టింది అంటారు. అందుకని బడిలో సార్లకు ఒక పద్ధతి ఉంది. పిల్ల చేతిని తల మీదుగా పోనిచ్చి అవతలి చెవి పట్టుకోమంటారు. అందితే బడి ఈడు వచ్చినట్టు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. నా పేరూ అట్లాగే రాసుకున్నారు. కానీ పాప ఏడుపు మాన్పించడానికి మేకను గుట్ట ఎక్కించినరోజు అది గుర్తుకు రాలేదు. తలుపు వెనక నిలబడి ఉన్న నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత కూడా ఆట సాగింది. పాప మానదు. పొద్దున లేస్తూనే మంచం మీద కూర్చుని మేకను తోలేది. నేను మాత్రం అంతకు ముందు చూసినట్టు చూడలేకపోయాను. వేలి కొసకూ చెవికీ మధ్య ఉన్న జాగాను చూసేదాన్ని. అది ఉన్నంతకాలం పాప నాది. బెత్తెడు నుంచి మూడు వేళ్ళకు వచ్చింది. కాళ్ళ పట్టీలు బిగుసుకుంటే అమ్మ సంబరపడింది, గౌను కింద మడత విప్పి కుట్టమని నాకిచ్చింది. సూది గుచ్చుతూ, విప్పిన మడత కింద ఎండ తగలని కొత్త రంగును చూస్తూ ఉండిపోయాను. ఒకపక్క పాపకు బువ్వ తినిపించేది నేనే. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని కథ చెప్పి మరీ తినిపించేదాన్ని.

అక్షరాల సంగతి కూడా మనసులో ఉండేది. "అ" నుంచి "ళ" దాకా బండల మీద కందులతో నడిచిన పిల్ల. అక్కడ బడిలో కన్నడం అక్షరాలు రాయిస్తారు. నేను నేర్పినవి ఏమవుతాయి? రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయని నాయిన అనేవాడు. అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి కాబట్టే కొత్తవి వచ్చి పాతవాటి మీద కూర్చుంటాయని నాకు భయం.

వేసవి వచ్చేసరికి రెండు వేళ్ళ జాగా మిగిలింది. జూన్ ఎంతో దూరం లేదు. నేను లోపల లోపల ధైర్యం తెచ్చుకున్నాను. పిల్లలు రెండు నెలల్లో రెండు వేళ్ళు పెరగరు. ఇంకో ఏడాది ఉంటుంది. ఇంకో ఏడాదికి ఏమేం ఆటలు ఆడాలో డైరీలో రాసుకున్నాను కూడా. వాసన చూసి కూరలు చెప్పే ఆట, నీళ్ళల్లో మునిగేవి తేలేవి, నీడను కొలిచే ఆట.

నేను మరిచిపోయింది జుట్టును.

పాపకు పుట్టువెంట్రుకలు తీయలేదు. మూడో ఏట తీయాల్సింది. అప్పుడే కవలల గొడవ. సరి ఏట తీయకూడదు కాబట్టి అయిదో ఏటికి ఆపారు. వేసవిలో అక్కా బావా ఇద్దరూ పిల్లలతో వచ్చారు. కల్హేర్ దారిలో మా ఇంటి దేవుడి గుడి ఉంది. బండి కట్టుకుని అందరం పోయాం. మాకు అన్నదమ్ములు లేరు. మేనమామ కూర్చోవలసిన చోట నాయిన కూర్చుని, పాపను ఒళ్ళో పెట్టుకున్నాడు.

కత్తి చూడగానే పాప ముఖం మారింది. నాకోసం చూసింది. అంతమంది చుట్టాల మధ్య నేను ముందుకు పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "పడ్డ రింగులు లెక్కవెడదామా?" అన్నాను. వెంటనే తల వంచింది. క్షవరం చేసే ముసలాయన మొదటి రింగు దించాడు. అక్క కొంగులో పడింది.

"లాభం" అంది పాప.

ముసలాయన కత్తి ఆపి నవ్వాడు. "లాభమే బిడ్డా, లాభమే. కదలకు." రెండో రింగు పడింది, మూడోది పడింది. వచ్చిన లెక్కంతా అయిపోయాక మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టింది. అంతా అయ్యేదాకా ఏడవలేదు. నీళ్ళు పోసి, గుండుకు గంధం పూశారు. పాప రెండు చేతులతో తల తడుముకుంది. ఆశ్చర్యంగా నా వైపు చూసింది.

"చిన్నమ్మా, గుట్ట చిన్నగయింది."

నాకు ఇంకా అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది. కుడిచేతి వేళ్ళు చెవి పక్క నుంచి బయలుదేరాయి. జుట్టు లేదు, జారడం లేదు, చిక్కుకోవడం లేదు. గంధం మీద నాలుగు గీతలు గీసుకుంటూ నున్నటి గుట్ట ఎక్కి, అవతలికి దిగి, ఎడమ చెవి కొసను పట్టుకున్నాయి. రెండు వేళ్ళ జాగా అంతా ఆ రింగులదే.

"అందింది" అంది పాప. ఎంతో మెల్లగా అంది. తర్వాత చెవి వదలకుండానే లేచి నిలబడి, అక్కకు చూపింది, నాయినకు చూపింది.

బావ వంగి చూశాడు. "నిజంగనే అందిందే. ఇగ జూన్ దాక ఎందుకు మామా, మళ్ళొచ్చుడెందుకు. రేపు మాతోనే తోల్కపోతం."

అక్క పాపను దగ్గరికి తీసుకుని గంధం తల మీద ముద్దు పెట్టుకుంది. మూతికి గంధం అంటింది. అక్క కళ్ళనిండా నీళ్ళు. ఏడాదికి పైగా కన్నబిడ్డను వదిలి ఉన్న మనిషి. నేను ఏమనుకోగలను?

పాప మాత్రం అక్క చేతుల్లోంచి నా వైపే చూస్తోంది. చెవి ఇంకా వదలలేదు. ఆట గెలిచింది, బెల్లం ఇంకా రాలేదు. ఓణీ కొంగులో ముడి వేసిన బెల్లం ముక్క ఉంది, ఆమె ఏడిస్తే పెడదామని తెచ్చింది. ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"మేకకు ఆకు అందింది" అన్నాను. బెల్లం నోట్లో పెట్టాను.

మర్నాడు బస్టాండులో నాగల్‌గిద్ద బస్సు ఎక్కారు. బెండు కండ్లద్దాలు దారిలో విరుగుతాయని అమ్మ ఇంట్లోనే ఉంచేసింది. పాప కిటికీ దగ్గర కూర్చుంది, గుండు మీద అక్క కొంగు. కింద నేను, అమ్మ, నాయిన. చుట్టూ మూటలు, కోడిపిల్లల గంపలు, సంత నుంచి వచ్చిన జనం. పాప కిటికీలోంచి తల బయట పెట్టింది.

"చిన్నమ్మా, నువ్వు వెట్టు."

"ఏంది?"

"మేక. నీ గుట్ట మీదికెల్లి."

బస్టాండు నిండా మనుషులు. మామూలుగా అయితే అక్కడ నేను తలెత్తి నడవను. ఆ రోజు కుడిచెయ్యి ఎత్తి, జడ పాయల మీదుగా పోనిచ్చి, ఎడమ చెవి పట్టుకున్నాను. ఎవరో నవ్వారు. పాప అక్క వైపు తిరిగి చెప్పింది.

"అమ్మా, చిన్నమ్మకు గూడ అందింది. ఇగ చిన్నమ్మ గూడ బడికి రావాలె. రమ్మను."

బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. బావ, "ఎక్కు పిల్లా, నీ పేరు గూడ రాపిస్త" అన్నాడు. నేనూ నవ్వాననుకుంటాను. బస్సు కదిలాక పాప ముఖం మారడం చూశాను. ఆట ఇట్లా ముగుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "చిన్నమ్మను రమ్మను" అనే మాట మలుపు దాకా వినబడింది. నా చెయ్యి ఇంకా చెవి మీదే ఉందని అమ్మ దించేదాకా నాకు తెలియదు.

పాప ఇప్పుడు పెద్ద తరగతులకు వచ్చింది. సెలవుల్లో వస్తుంది. జుట్టు సాఫుగా పెరిగింది, రింగులు మళ్ళీ రాలేదు. బండల మీద సుద్దతో కన్నడం రాసి నాతో చదివిస్తుంది. నేను తప్పు చదివితే ఓపికగా దిద్దుతుంది, ఆ ఓపిక ఎక్కడిదో ఆమెకు తెలియదు. పోయినసారి మేక సంగతి గుర్తుందా అని అడిగాను. "ఏ మేక?" అని నా ముఖం చూసి, నన్ను నొప్పించకూడదని, "ఆ, ఉన్నట్టుంది" అంది. అబద్ధమని తెలుస్తూనే ఉంది. అయిదేళ్ళ లోపలివి ఎవరికి గుర్తుంటాయి? నావి నాకు గుర్తున్నాయా? వాటిని దాచిపెట్టుకోవడానికి పక్కన ఇంకొకరు ఉండాలి.

అప్పుడు పాపను తీసుకుని బస్సు పోయిన సాయంత్రం నేను గడప మీద కూర్చున్నాను. ఇల్లు నాకు తెలిసిన పాత ఇల్లయిపోయింది. మాట్లాడవలసిన అవసరం ఎవరితోనూ లేదు. వీధిలో రొట్టెలు తట్టడం మొదలైంది. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. పక్కింటి పెద్దమ్మ గాజులు. అవతలింట్లో ఎవరో, నేను గుర్తుపట్టలేదు. పాప ఉంటే చెప్పేది. తర్వాత మా వంటింట్లో అమ్మ, జల్దీ జల్దీ, ఎప్పటిలాగే. నాయినకు, నాకు, తనకు. రొట్టెలు అయిపోయాయి. ఇగ పొయ్యి ఆర్పుతుందనుకున్నాను.

కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత వేళ్ళతో మాత్రమే, సన్నగా, వాన మొదలైనట్టు.

నేను కళ్ళు తెరవలేదు. తట్టడం సగంలో ఆగింది. అమ్మ కూడా అప్పుడే చూసుకుని ఉంటుంది. పిండి మళ్ళీ ముద్ద చేస్తుందేమోనని విన్నాను. చెయ్యలేదు. కాసేపాగి మళ్ళీ తట్టింది, చివరిదాకా తట్టి, పెనం మీద వేసింది.